పెళ్లికి ఏ సెంటు?

ఫిబ్రవరిలో నా పెళ్లి. ఫంక్షన్ హాలు, భోజనాలు, ఫొటోగ్రాఫరు, షేర్వాణీ అన్నీ రెండు వారాల్లో తేలిపోయాయి. రెండు నెలలుగా తేలనిది ఒక్కటే. ఆ రోజు ఏ సెంటు కొట్టుకోవాలి?

నవ్వండి, ఫర్వాలేదు. మా టీమ్‌లో వాళ్లూ నవ్వారు. "రేపు రిలీజ్ పెట్టుకుని నువ్వు ఆలోచించేది దీని గురించా?" అని మా లీడ్ మొహం మీదే అడిగింది. కానీ నా లెక్క నాకుంది. పెళ్లి ఆల్బమ్ మహా అయితే ఏడాదికోసారి తెరుస్తాం. వీడియో అయితే మొదటి నెల దాటాక ఎవరూ చూడరు. వాసన అలా కాదు. పదేళ్ల తర్వాత ఏ లిఫ్టులోనో ఎవరో అదే సెంటు కొట్టుకుని నిలబడితే చాలు, ఆ రోజంతా పిలవకుండానే వచ్చేస్తుంది. దీనికి కారణం కూడా ఉంది. కళ్లూ చెవులూ పంపే సమాచారం మెదడులో థలామస్ అనే జంక్షన్ మీదుగా వెళ్తుంది. వాసన మాత్రం ఆ జంక్షన్‌లో ఆగకుండా, జ్ఞాపకాలనూ భావోద్వేగాలనూ చూసుకునే భాగాల దగ్గరికి నేరుగా పోతుంది. మా భాషలో చెప్పాలంటే, మధ్యలో ఏ సర్వర్ దగ్గరా ఆగకుండా డేటాబేస్ తలుపు కొట్టే రిక్వెస్ట్ అన్నమాట.

ఈ పిచ్చి నాకు మూడేళ్ల కింద పట్టింది. ఇందులో దిగినవాళ్లకి 'డికాంట్' అనే మాట తెలిసే ఉంటుంది. పెద్ద సీసా కొన్నవాళ్లు అందులోంచి 5 ఎంఎల్, 10 ఎంఎల్ చిన్న సీసాల్లోకి పోసి అమ్ముతారు. పాతిక వేల సెంటుని పదిహేను వందలకో రెండు వేలకో రుచి చూడొచ్చు. అలా చూసీ చూసీ, వడపోసీ వడపోసీ, చివరికి నా బల్ల మీద రెండు సీసాలు మిగిలాయి. రెండూ మొండివే. రెండిట్లో ఏది కొట్టుకున్నా గదిలో సగం మంది దగ్గరికొస్తారు, సగం మంది కిటికీ తెరుస్తారు.

మొదటిది ఇంటర్‌లూడ్ మ్యాన్. ఒమన్ దేశపు అమువాజ్ కంపెనీది. ఆ కంపెనీ 1983లో సుల్తాన్ ఖాబూస్ కోరిక మీద పుట్టింది. ఈ సెంటు వచ్చింది 2012లో, తయారుచేసిన ఆయన పేరు పియర్ నెగ్రాన్. సీసా నీలంగా ఉంటుంది కాబట్టీ, లోపలున్న సరుకు సాధు జంతువు కాదు కాబట్టీ సెంటు పిచ్చోళ్లంతా దీన్ని 'బ్లూ బీస్ట్' అంటారు. కొట్టగానే ఒరెగానో, మసాలా ఘాటు ముక్కుని గుద్దుతాయి. అవును, పిజ్జా మీద చల్లుకునే ఒరెగానోయే. వెనకే పొగ. నిప్పుల మీద గుప్పెడు ఊదు వేసి తలుపులు మూసేసినంత పొగ. గంట దాటాక ఆ పొగలోంచి ఆంబర్ తియ్యదనం, తోలు, అగరు మెల్లగా బయటికొస్తాయి. చొక్కాకి తగిలితే ఒక ఉతుకుకి పోదు.

రెండోది ఆంబ్ర్ సుల్తాన్. సెర్జ్ లుతాన్స్ అనే ఫ్రెంచి ఆయనది. ఆయన ఏళ్లుగా మొరాకోలోని మరాకేష్‌లో ఉంటాడు. తయారుచేసింది క్రిస్టఫర్ షెల్‌డ్రేక్. ఇందులోనూ ఒరెగానో ఉంది, తోడు బిర్యానీ ఆకు లాంటి బే ఆకు, ధనియాలు. ఆ ఆకులన్నీ ఎండిపోయాక అడుగున పాకం లాంటి ఆంబర్ మిగులుతుంది. వెచ్చగా, కాస్త జిగురుగా, చలికాలం సాయంత్రం రగ్గు కప్పుకున్నట్టు ఉంటుంది. నచ్చనివాళ్లకి మాత్రం ఆయుర్వేదం కొట్టు.

ఆంబర్ అనగానే చాలామంది పొరబడే విషయం ఒకటి చెప్పాలి. ఉంగరాల్లో పొదిగే పసుపు రాయి లాంటి ఆంబర్‌కి అసలు చెప్పుకోదగ్గ వాసనే ఉండదు, అది కోట్ల ఏళ్ల కిందటి చెట్ల జిగురు. ఆంబర్‌గ్రిస్ వేరు, అది స్పెర్మ్ వేల్ అనే తిమింగలం పేగుల్లో తయారయ్యే పదార్థం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశంలో దాన్ని అమ్మడం నేరం. దాని పేరుతో పట్టుబడ్డ ముఠాల వార్తలు మీరూ చదివే ఉంటారు. సెంటు సీసా మీద రాసే 'ఆంబర్' ఈ రెండూ కాదు. అది ఒక వంటకం. లాబ్డనమ్ అనే మధ్యధరా పొద జిగురు, బెంజాయిన్, వనిల్లా. ఈ మూడూ కలిస్తే వచ్చే తీపి వెచ్చదనమే ఆంబర్. లాబ్డనమ్ ఆకులకి బంకలా అంటుకుని ఉంటుంది. ఆ పొదల్లో మేసే మేకపోతుల గడ్డాలకి అంటుకున్న జిగురుని దువ్వి తీసేవాళ్లని రెండున్నర వేల ఏళ్ల కిందటి గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. లోకంలో అన్నిటికన్నా ఘుమఘుమలాడేది, అన్నిటికన్నా కంపు కొట్టే చోట దొరుకుతుందన్నది ఆయన ఆశ్చర్యం. మా ఊళ్లో మేకలు కాసినవాళ్లని అడిగితే ఆయన ఆశ్చర్యం ఇంకా బాగా అర్థమవుతుంది.

ఇక బెంజాయిన్. పేరు కొత్తగా ఉందా? మన సాంబ్రాణి. తలంటు పోశాక పసిపిల్లల జుట్టుకి పట్టే పొగ అదే. అరబ్బులు తమ దగ్గర దొరికే పొగజిగురుని 'లుబాన్' అన్నారు, తూర్పు దీవుల నుంచి వచ్చిన దీన్ని 'లుబాన్ జావీ' అన్నారు, అంటే జావా లుబాన్. ఆ మాట యూరప్ చేరేసరికి నలిగి బెంజాయిన్ అయింది. ఇంజినీరింగ్ ఫస్టియర్ కెమిస్ట్రీలో మనల్ని ఏడిపించిన బెంజీన్ ఉంది చూశారూ, దాని పేరూ ఇందులోంచే పుట్టింది. బజార్లో నల్లటి బిళ్లల్ని 'కంప్యూటర్ సాంబ్రాణి' అని ఎందుకంటారో మాత్రం నన్నడక్కండి. కంప్యూటర్ల మీద బతికేవాడిగా ఆ పేరు చూసినప్పుడల్లా నాకేదో రాయల్టీ రావాలనిపిస్తుంది.

ఆఫీసులో ఇంటర్‌లూడ్ వేసుకెళ్లిన రోజు లిఫ్టులో ముగ్గురు మూడు మాటలన్నారు. "ఇంట్లో పూజా?" "దర్గాకి వెళ్లొచ్చావా?" కేరళ అమ్మాయి మాత్రం కళ్లు మూసుకుని "మా చర్చి" అంది. ముగ్గురూ కరెక్టే. మనిషి ముక్కులో వాసన పట్టే రిసెప్టర్లు దాదాపు 400 రకాలున్నాయి. జన్యువుల్లో తేడాల వల్ల అవి ఏ ఇద్దరిలోనూ ఒకేలా పనిచెయ్యవు. అది హార్డ్‌వేర్ సంగతి. పెరిగిన ఇల్లు సాఫ్ట్‌వేర్. ఒకే పొగ ఒకడికి గుడి, ఒకడికి పీరు, ఒకరికి ఆదివారం ప్రార్థన.

నాకు మాత్రం అది పెట్టె వాసన.

మాది కౌడిపల్లి. హైదరాబాద్ నుంచి మెదక్ బస్సెక్కితే నర్సాపూర్ అడవి దాటాక వస్తుంది. మా బాపు అంతకుముందు నర్సాపూర్ రూట్‌లో ఆటో నడిపేవాడు. 2003లో ఒమన్ వెళ్లాడు, మస్కట్‌లో ఒకళ్లింట్లో డ్రైవర్‌గా. అప్పుడు నాకు ఆరేళ్లు. మళ్లీ పూర్తిగా ఇంటికొచ్చింది 2020లో, వందే భారత్ విమానంలో. మధ్యలో పదిహేడేళ్లు. రెండేళ్లకోసారి సెలవు, అంటే మొత్తం ఎనిమిదిసార్లు వచ్చాడు. లెక్క తప్పే అవకాశం లేదు, ఎందుకంటే వేళ్ల మీద పెట్టుకునే చదువుకున్నాను.

వచ్చిన ప్రతిసారీ పెద్ద గోధుమరంగు పెట్టె. దానికి చుట్టూ నైలాన్ తాడు. ఆ తాడు కోసి మూత ఎత్తగానే మొదట వచ్చేది చాక్లెట్లో టార్చిలైటో టైగర్ బామో కాదు, వాసన. ముత్రా సూఖ్‌లో కొన్న లుబాన్ కవరు ఒకటి ఆ పెట్టె మూలన ఉండేది. తెల్లగా, కొంచెం ఆకుపచ్చగా, గడ్డకట్టిన కన్నీటి చుక్కల్లా ఉండేవి. ఒమన్‌లో ధోఫార్ అనే ప్రాంతం ఈ జిగురుకి పుట్టిల్లు. చెట్టు బెరడు మీద గాటు పెడితే పాల లాంటి ద్రవం కారి గాలికి గడ్డకడుతుంది. వేల ఏళ్లుగా అక్కడి నుంచి ఒంటెల మీదా ఓడల్లోనూ ప్రపంచమంతా వెళ్లింది. ఆ లుబాన్ నేలని 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దాని అన్నదమ్ముడు మన దగ్గరా ఉన్నాడు. తెలంగాణ అడవుల్లో పెరిగే అందుగు చెట్టు అదే కుటుంబం. ఈ సంగతులన్నీ తర్వాత చదివి తెలుసుకున్నవి. అప్పుడు తెలిసిందల్లా, ఆ వాసన వస్తే బాపు ఇంట్లో ఉన్నట్టు.

మా అవ్వకి ఆ కవరంటే ప్రాణం. పీర్ల పండుగకి సవారీ ముందు నిప్పుల్లో చిటికెడు వేసి, "మస్కట్ ఊదు" అని పక్కవాళ్లకి వినబడేలా చెప్పేది. బోనాలకి మైసాక్షిలో కలిపేది. అల్లాకీ మైసమ్మకీ ఒకే కవర్లోంచి వెళ్లింది. ఎవరూ అభ్యంతరం చెప్పినట్టు నాకు గుర్తులేదు.

అందుకే ఇంటర్‌లూడ్ మొదటిసారి మణికట్టు మీద వేసుకున్నప్పుడు, బంజారాహిల్స్ మాల్‌లో నిలబడి ఉన్నవాణ్ని, మోకాళ్ల మీద కూర్చుని నైలాన్ తాడు కోసుకున్నాను. పెళ్లికి ఇదే అని ఆ నిమిషమే అనుకున్నాను. ఆంబ్ర్ సుల్తాన్ రెండో స్థానం.

దసరాకి ఊరెళ్లినప్పుడు రెండు సీసాలూ పట్టుకెళ్లాను. కుడి చేతికి ఒకటి, ఎడమ చేతికి ఒకటి. సెంటు పరీక్షకి కాగితం ముక్కలు పనికిరావు. ఒంటి వేడికి సెంటు మారుతుంది, మొదటి పావుగంటలో ఉన్న వాసన మూడు గంటల తర్వాత ఉండదు. వంటింట్లో అమ్మ సకినాలు చుడుతోంది. ఎడమ చెయ్యి ముక్కు దగ్గర పెట్టాను.

"గిదేందిరా, మసాలా డబ్బల బెల్లం ఒలికినట్టున్నది," అంది. "మంచిగనే ఉన్నది తియ్."

కుడి చెయ్యి పెట్టాను. చూసింది. మాట్లాడలేదు. చేతికున్న పిండి కడుక్కుని లేచి వెళ్లి వెనక తలుపు తెరిచింది. వచ్చి మళ్లీ సకినం చుట్టడం మొదలుపెట్టింది.

"నచ్చలేదా అమ్మా?"

"పెట్టె వాసన," అంది.

"అవును కదా! బాపు వచ్చినప్పుడు..."

"వచ్చినప్పుడు మీకు," అంది అమ్మ. "మీరు తెరిచిన్రు. నేను సదిరిన."

చెప్పింది ఇంతే. మిగతాది నాకు ఒక్కొక్కటిగా గుర్తొచ్చింది. సెలవు రెండు నెలలు. ఆ రెండు నెలలూ పెట్టె ఖాళీగా మంచం కింద ఉండేది. వెళ్లే ముందురోజు రాత్రి మా ఇద్దరినీ, అంటే నన్నూ అక్కనీ, పడుకోబెట్టాక అమ్మ ఆ పెట్టె బయటికి లాగేది. తొక్కు సీసాలు పాతబట్టల్లో చుట్టి పెట్టేది, సకినాలు, కారప్పొడి, లుంగీలు. రెండు నెలలైనా ఆ పెట్టె బట్టలో లుబాన్ అలాగే ఉండేది. తెల్లారి సుమో వచ్చేది. మొదట్లో బేగంపేట విమానాశ్రయానికి, 2008లో శంషాబాద్ మొదలయ్యాక అక్కడికి. అమ్మ ఎప్పుడూ విమానాశ్రయం దాకా రాలేదు. "సుమోల జాగ ఉండది" అనేది. ఇప్పుడు లెక్కేస్తే సుమోలో చోటు ఉండేది. పెట్టె వెళ్లిపోయాక ఆ గదిలో వాసన ఇంకో రెండు మూడు రోజులు ఉండేది. ఆ గదిలో పడుకునేది అమ్మే.

ఎనిమిదిసార్లు నేను తెరిచాను. మొదటిసారి ఉత్త పెట్టె, దాన్ని వదిలేస్తే ఎనిమిదిసార్లు ఆమె సర్దింది. ఒకే పెట్టె, ఒకే వాసన.

కాసేపటికి అమ్మే మళ్లీ మొదలుపెట్టింది. "నువ్వు గూడ రెండేండ్లే అంటున్నవ్ గద."

ఆ సంగతి చెప్పలేదు కదూ. ఏప్రిల్‌లో నాకు ఆన్‌సైట్. జర్మనీ, రెండేళ్లు, ఆ తర్వాత పొడిగించే అవకాశం ఉంది. పెళ్లయ్యాక రెండు నెలలకే ఇద్దరం వెళ్తాం. ఇంట్లో అందరూ సంతోషించారు, అమ్మ మైసమ్మకి కొబ్బరికాయ కొట్టింది, చుట్టుపక్కల పదిళ్లకి చెప్పుకుంది. జర్మనీ వేరు, మస్కట్ వేరు, నేను వీడియో కాల్ చేస్తాను, టికెట్ తీసుకుని ఎప్పుడంటే అప్పుడు వస్తాను. ఇవన్నీ నోటిదాకా వచ్చాయి. బాపు కూడా మొదటిసారి రెండేళ్లనే వెళ్లాడు. సకినాలు చుట్టడంలో సాయం చేస్తానని కూర్చున్నాను. నావి ఎప్పుడూ గుండ్రంగా రావు.

సాయంత్రం బాపు వచ్చాడు. ఆయన ముక్కుని పిలవక్కర్లేదు, గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అర్బాబ్ కార్ వాసన!" అన్నాడు.

అర్బాబ్ అంటే అక్కడ యజమాని. ప్రతి శుక్రవారం పొద్దున కారు కడిగి తుడిచాక, చిన్న ధూపపాత్రలో బొగ్గు రాజేసి, బుఖూర్ వేసి, అద్దాలు మూసి కారులో పెట్టడం బాపు పని. బుఖూర్ అంటే అగరు చెక్క పొడి, జిగుర్లు, అత్తర్లు కలిపి చేసే ధూపం. పది నిమిషాల తర్వాత తలుపు తీస్తే అర్బాబ్ తెల్లటి దిష్‌దాషా వేసుకుని వచ్చి వెనక సీట్లో కూర్చునేవాడు. ఆయన ఒంటి మీద ఇంకో అత్తరు. "రెండూ కలిస్తె ముందల కూసున్నోనికి తలకాయ తిరుగుతుండె," అని బాపు నవ్వాడు. "ఇంటికి నేను తెచ్చిన ఊదు వేరే. అది సస్తది. గిది పెద్దోళ్లది."

సీసా ఖరీదు అడిగాడు. డికాంట్ సంగతి చెప్పాను. "నిండు సీస ఎంత?" అన్నాడు. పాతిక వేల పైమాటే అన్నాను. బాపు మనసులో ఏదో లెక్క వేసుకున్నాడు. మొదటి రోజుల్లో ఆయన జీతం నెలకి 90 రియాల్లు, అప్పట్లో మన డబ్బుల్లో పదివేల పైచిలుకు. నేనూ అదే లెక్క వేస్తున్నానని ఆయనకి తెలుసు. తప్పు పట్టలేదు, వద్దనలేదు. సీసాని వెలుతురుకి పెట్టి చూసి, మూత తీసి, మణికట్టు మీద కాదు, రుమాలు మీద ఒక్కసారి కొట్టుకుని జేబులో పెట్టుకున్నాడు.

ఇక మూడో ఓటు. నేను చేసుకోబోయే అమ్మాయి ఫార్మసిస్టు. సిద్దిపేట వాళ్లు, తను హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి మందుల షాపులో పనిచేస్తుంది. ఆదివారం చార్మినార్ దగ్గర కలిశాం, గాజులు కొనాలని. అక్కడిదాకా వెళ్లి అత్తరు కొట్టుకి వెళ్లకుండా ఎలా? పత్తర్‌గట్టీ వైపు వరసగా ఉంటాయి, అద్దాల బీరువాల్లో చెక్కుడు గాజు సీసాలు. కూర్చోగానే గాజు పుల్లతో చేతి వెనకాల ఒక్కో చుక్క పెడతారు. అక్కడ లెక్క ఎంఎల్‌లోనే కాదు, తులాల్లో కూడా. ఆల్కహాల్ ఉండదు కాబట్టి స్ప్రేలా గదంతా పరుగెత్తదు, ఒంటిని పట్టుకుని ఉంటుంది. శమామా చూపించమన్నాను. కన్నౌజ్ వాళ్లు మూలికలూ సుగంధ ద్రవ్యాలూ ఎన్నో కలిపి రాగి డేగిసాల్లో రోజుల తరబడి కాచి తీసే అత్తరు అది. ఇప్పుడు ఫ్రెంచి కంపెనీలు అమ్మే ఆంబర్‌కి దగ్గరి చుట్టంలా ఉంటుంది. ప్యారిస్‌లో గెర్లాన్ 1925లో మార్కెట్‌లోకి తెచ్చిన పేరుమోసిన ఆంబర్ సెంటు పేరు షాలిమార్, మన మొగలుల తోట పేరు. అంటే ఆ వాసనకి కావాల్సిన కథని వాళ్లు ఇక్కడే వెతుక్కున్నారు. పాత లెక్కల్లో ఈ కుటుంబం మొత్తాన్ని 'ఓరియంటల్' అనేవాళ్లు. 2021లో మైకేల్ ఎడ్వర్డ్స్ అనే ఆయన తన సెంట్ల వర్గీకరణలో ఆ మాట తీసేసి 'ఆంబర్' అని మార్చాడు. మంచి పనే. ఎవరికి తూర్పు అని అడిగితే మాకైతే కాదు కదా.

ఇవన్నీ నేను తనకి ఉత్సాహంగా చెబుతున్నాను. తను శమామా చుక్కని మర్యాదగా వాసన చూసి, మిట్టీ అత్తరు అడిగింది. కాల్చిన మట్టిని ఉడికించి తీసే, తొలకరి వాన వాసన. మూడు ఎంఎల్ కొనుక్కుంది. అయిదు నిమిషాల్లో. నాకు ఈర్ష్య కలిగింది.

బయట ఇరానీ చాయ్ దగ్గర నా రెండు చేతులూ చాపాను. ఆంబ్ర్ సుల్తాన్ చూసి తను చెప్పిన మాట ఇప్పటికీ తలుచుకుని నవ్వుతాను.

"ఇది టింక్చర్ బెంజాయిన్! రోజూ అమ్ముతాను. దెబ్బలకి రాస్తారు, జలుబుకి వేడినీళ్లలో వేసి ఆవిరి పడతారు."

నూటికి నూరు పాళ్లు నిజం. సాంబ్రాణిని ఆల్కహాల్‌లో నానబెడితే వచ్చేదే అది.

ఇంటర్‌లూడ్ చూసి, "ఇది బాగుంది. ఇది నీలాగా ఉంది. కొంచెం ఎక్కువ మాట్లాడుతుంది," అంది.

అంటే ఓట్లు ఇలా పడ్డాయి. నేనూ, తనూ నీలం సీసాకి. అమ్మ దానికి వ్యతిరేకం. బాపు ఓటు జేబులో ఉంది. ప్రజాస్వామ్యం ప్రకారం ఇంటర్‌లూడ్ గెలిచింది. మెట్రోలో తిరిగొస్తూ తనకి పెట్టె సంగతి చెప్పాను. రెండు స్టేషన్లు ఏం మాట్లాడలేదు.

"పెళ్లిలో అత్తమ్మ ఎక్కడ కూర్చుంటారు?" అంది చివరికి.

"నా పక్కనే."

"ఎన్ని గంటలు?"

అయిదారు గంటలు. తలంబ్రాల దగ్గర, బంధువుల అక్షింతల దగ్గర, ఫొటోల దగ్గర. ఇంటర్‌లూడ్ రెండు స్ప్రేలు కొడితే నాకు అరగంటలో తెలియడం మానేస్తుంది. ముక్కు అలవాటు పడిపోతుంది, తన మీదున్నది తనకి తెలియదు. పక్కన కూర్చున్నవాళ్లకి మాత్రం ఆరు గంటలూ తెలుస్తూనే ఉంటుంది. ఈ సెంటు గొప్పదనమే అది, దీని గురించి రాసేవాళ్లంతా మెచ్చుకునేదీ అదే. కొట్టుకున్నవాడి కంటే చుట్టూ ఉన్నవాళ్లదే ఆ రోజు. పెళ్లి జ్ఞాపకం కోసం అని ఇన్నాళ్లూ లెక్కలు వేశాను. మా అమ్మ దగ్గర ఆ వాసన కింద అప్పటికే వేరే ఫైల్ ఉంది. ఓవర్‌రైట్ అవుతుందేమో, కొడుకు పెళ్లి వాసనగా మారిపోతుందేమో అని ఒక ఆలోచన వచ్చింది. కావచ్చు కూడా. కానీ ఏప్రిల్‌లో నా పెట్టె సర్దేది కూడా ఆమే. వద్దన్నా వినదు. తొక్కు సీసాలకి ఇప్పటికే పాత చీరలు పక్కన పెట్టిందని అక్క చెప్పింది.

ఆంబ్ర్ సుల్తాన్ ఫుల్ బాటిల్ ఆర్డర్ పెట్టాను. నీలం సీసా కంటే చవక, అలాగని చవకేం కాదు. ఇప్పుడు అది నాకు రెండో స్థానం సెంటులా అనిపిస్తోందా అంటే, నిజం చెప్పాలి, ఇంకా అలాగే అనిపిస్తోంది. మెడ దగ్గర ఒకటి, షేర్వాణీ లోపలి వైపు ఒకటి. రెండే స్ప్రేలని ఫార్మసిస్టు డోసు రాసిచ్చింది. "రోజంతా షాపులో ఉన్నట్టే ఉంటుంది, ఏం చేస్తాం," అని కూడా అంది. పెద్ద సెంట్లు కొనబోయే మీలాంటివాళ్లకి నేను చెప్పేది ఏమైనా ఉంటే, ఎండాకాలం కొని ఎండాకాలం పరీక్షించకండి. మే నెలలో మా ఊళ్లో 42 డిగ్రీల ఎండకి ఈ రెండూ మనిషిని మింగేస్తాయి. ఫిబ్రవరి వీటికి మంచి నెల.

మిగిలిన ఇంటర్‌లూడ్ డికాంట్ ఊళ్లోనే వదిలేశాను, టీవీ పక్క అలమరలో. పోయిన నెల బట్టలు కొనడానికి హైదరాబాద్ రావాలని బాపు కారు మాట్లాడాడు. నేను ఊరెళ్లి వాళ్లతోనే వచ్చాను. కారు వచ్చేసరికి ఆయన తెల్ల చొక్కా వేసుకుని తయారుగా ఉన్నాడు. సీసాలో సగమే మిగిలి ఉందని నాకు అప్పుడే కనిపించింది, వాసన అంతకుముందే వచ్చింది. డ్రైవర్ మా ఊరి కుర్రాడే. మర్యాదకి ముందు సీటు తలుపు తెరిచి, "రా మామా, ముందల కూసో," అన్నాడు.

"నువ్వు కూసోరా," అని నాతో అని, బాపు వెనక తలుపు తీసుకుని అమ్మ పక్కన కూర్చున్నాడు.

బండి కదిలింది. అద్దంలో చూస్తే బాపు కాలు మీద కాలు వేసుకుని బయటికి చూస్తున్నాడు. అమ్మ తన వైపు అద్దం పూర్తిగా దించేసింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఎంత గొట్టుకున్నవయ్యా!" అంది. బాపు "జెరంతనే" అన్నాడు. నర్సాపూర్ అడవి దాటేదాకా ఆ అద్దం ఎక్కలేదు. ఏసీ వేసిన డ్రైవర్ కుర్రాడు రెండుసార్లు నా వైపు చూశాడు.